ముంబై ఇంటర్వ్యూకి ఇరవై రెండు రోజులు, బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరే లేదు

తెనాలి_పిల్ల | 29 అక్టోబర్ 2024, రాత్రి 11:40

అందరికీ నమస్కారమండీ. ఏడాదిన్నరగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా పెళ్లి 2023 ఫిబ్రవరి 10న అయింది. మా ఆయన డాలస్‌లో ఉంటారు, 2021లో అమెరికా సిటిజన్ అయ్యారు. భార్యని తీసుకెళ్లడానికి వేసే ఐ-130 పిటిషన్ ఆ మార్చిలో వేశాం, ఈ ఆగస్టులో ఎన్‌విసి (అమెరికా నేషనల్ వీసా సెంటర్) దగ్గర డీక్యూ, అంటే కాగితాలు సరిపోయాయన్న కబురు, వచ్చింది. నవంబర్ 20న ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, నవంబర్ 6న హైదరాబాద్‌లో మెడికల్.

ఇవాళ అన్నీ ఫైల్లో పెడుతుంటే మా తమ్ముడు బర్త్ సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని "అక్కా, ఇందులో నువ్వెక్కడున్నావే?" అన్నాడు. పుట్టిన తేదీ ఉంది, ఆడ అని ఉంది, అమ్మానాన్నల పేర్లు ఉన్నాయి. పేరు గడిలో మాత్రం చిన్న గీత. ఎన్‌విసికి ఇదే అప్‌లోడ్ చేశాను, పదో తరగతి మెమో కూడా జత చేశాను, వాళ్లేమీ అనలేదు. పైగా ఇందులో నాన్న పేరు చివర "లు" అని ఉంటే నా పాస్‌పోర్టులో "రావు" అని ఉంది.

నేను 1994లో పుట్టాను. ఆ నర్సింగ్ హోమ్ మూతపడి పదేళ్లు దాటింది. మీసేవ దగ్గర తిరిగే ఒకాయన 12 వేలిస్తే ఒక్క రోజులో పేరుతో సహా పాత తేదీ మీదే కొత్త సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్నాడు. అమ్మ ఇచ్చేద్దాం అంటోంది. ఏం చెయ్యను?

హ్యూస్టన్_కాకి | 29 అక్టోబర్, రాత్రి 11:58

ఆ 12 వేలు ముట్టుకోకండి. మిగతావి పొద్దున మాట్లాడుకుందాం, ముందు ఇది చదివి పడుకోండి.

ఎర్రబస్సు | 30 అక్టోబర్, ఉదయం 6:15

కాకి గారి మాటకి ఇంకొంచెం కలుపుతాను. పేరు లేని సర్టిఫికెట్ తప్పు కాదు, లోటు. లోటైతే పక్కన ఇంకో కాగితం పెట్టి పూడ్చుకోవచ్చు. దొంగ సర్టిఫికెట్ ఇస్తే అది మిస్‌రెప్రెజెంటేషన్ (మోసం) అవుతుంది, అమెరికా వలస చట్టం 212(ఎ)(6)(సి) కింద జీవితాంతం అడ్డు. దాన్నించి బయటపడాలంటే ఐ-601 వేవర్ (మినహాయింపు అర్జీ) వేసి, మీరు రాకపోతే మీ ఆయన ఎంత కష్టపడతారో రుజువు చెయ్యాలి. అసలు కేసు కంటే అది పెద్ద కేసు. ఇంకో సంగతి. గీత ఉన్న సర్టిఫికెట్ ఎన్‌విసి సిస్టమ్‌లో ఆల్రెడీ ఉంది. ఇప్పుడు మీరు పేరున్నది తీసుకెళ్తే ఆఫీసర్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

రిటైర్డ్_గుమాస్తా | 30 అక్టోబర్, ఉదయం 7:02

తల్లీ, నేను మున్సిపాలిటీలో జనన మరణ రిజిస్టర్ల దగ్గర ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. నీ గడి ఎందుకు ఖాళీగా ఉందో చెబుతాను, విను.

చట్టం ప్రకారం పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో రిపోర్టు చెయ్యాలి. ఆసుపత్రి వాళ్లు అన్నాళ్లు ఆగరు, వారం తిరిగేసరికి ఫారాలన్నీ కట్టగట్టి పంపేస్తారు. మనవాళ్లకి బారసాల పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో. అంటే ఫారం మా బల్ల మీదకి వచ్చేసరికి బిడ్డకి పేరే లేదు. మేం గీత గీసేవాళ్లం. తర్వాత వచ్చి పేరు రాయించుకోవచ్చని చట్టంలోనే ఉంది, సెక్షన్ 14. వచ్చేవాళ్లు ఎంతమంది? ఆ తరం రిజిస్టర్ ఏది తిప్పినా పేజీకి సగం గీతలే కనపడతాయి. నువ్వు ఒంటరిదానివి కాదు.

పేరు చేర్చడానికి నియమాల్లో పదిహేనేళ్ల గడువు పెట్టారు. నీకు ముప్ఫై నిండాయి. అక్కడి రిజిస్ట్రార్ ఒప్పుకుంటే సంతోషం, అడిగి చూడు, అడిగితే పోయేదేం లేదు. కానీ దాని మీదే ఆధారపడకు. రేపు దీపావళి, ఆ తర్వాత ఆఫీసు మనిషి ఎప్పుడు కుర్చీలో ఉంటాడో నేను చెప్పలేను.

ఒకటి చెయ్యి. అదే ఎంట్రీకి తాజాగా ఫారం 5 (బర్త్ సర్టిఫికెట్) కాపీ ఒకటి తీసుకో, రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా కనపడేలా. గీత ఉన్నా సరే.

ముక్కుపుడక | 30 అక్టోబర్, ఉదయం 9:30

అక్కా, నాదీ ఇదే కథ, 2022లో. అమ్మా నాన్నా విడివిడిగా రెండు అఫిడవిట్లు రాశారు, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద, నోటరీ చేయించి. అందులో ఏముండాలంటే, మీరు ఎక్కడ ఏ తేదీన పుట్టారు, అమ్మానాన్నల పూర్తి పేర్లు, ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు ఎంట్రీలోని ఆడబిడ్డ మీరే అని, పేరు ఎందుకు లేదో ఒక వాక్యం. గుమాస్తా గారు చెప్పిన బారసాల ముక్కే మా నాన్న కూడా రాశారు, ఇంగ్లిష్‌లో "నేమింగ్ సెరిమనీ" అని. నాన్న అఫిడవిట్‌లోనే "లు", "రావు" రెండూ నావే, ఇద్దరూ ఒక్క మనిషే అని కూడా రాయించండి. దానికి వేరే కాగితం అక్కర్లేదు.

పదో తరగతి మెమో ఒరిజినల్ తీసుకెళ్లండి, జిరాక్స్ కాదు.

తెనాలి_పిల్ల | 30 అక్టోబర్, మధ్యాహ్నం 1:10

ప్రాణం లేచొచ్చిందండీ. ఆ 12 వేల ఆయనకి వద్దని చెప్పేశాం. "మీ ఇష్టం, రేపు మళ్లీ నా దగ్గరికే వస్తారు" అంటూ వెళ్లిపోయాడు.

మిగతావి రాస్తున్నాను, ఏమైనా తగ్గితే చెప్పండి. మ్యారేజ్ సర్టిఫికెట్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుది ఉంది. పాస్‌పోర్టు సేవ నుంచి తీసుకున్న పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) ఉంది. మా ఆయన ఐ-864 (నన్ను పోషిస్తానని ఇచ్చే హామీ పత్రం), మూడేళ్ల ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం ఫారాలు) ఉన్నాయి. ఆయన ఈ మార్చిలో ఉద్యోగం మారారు. ఫోటోలు, శుభలేఖ, ఆయన మూడుసార్లు వచ్చి వెళ్లిన బోర్డింగ్ పాసులు ఉన్నాయి. నాకు ఇంతకుముందు పెళ్లి కాలేదు, ఆయనకీ కాలేదు. నేను ఎమ్మెస్సీకి యూకేలో లీడ్స్ వెళ్లాను, ఆ డిగ్రీ ఒరిజినల్ కూడా పెట్టాలా?

ఎర్రబస్సు | 30 అక్టోబర్, మధ్యాహ్నం 1:22

ఆగండి ఆగండి. లీడ్స్‌లో ఎన్నాళ్లున్నారు?

తెనాలి_పిల్ల | 30 అక్టోబర్, మధ్యాహ్నం 1:25

2018 సెప్టెంబర్ నుంచి 2020 జనవరి దాకా. ఎందుకండీ?

ఎర్రబస్సు | 30 అక్టోబర్, మధ్యాహ్నం 1:41

పదహారు నెలలు. పదహారేళ్లు నిండాక వేరే దేశంలో పన్నెండు నెలలు, అంతకంటే ఎక్కువ ఉంటే ఆ దేశం పోలీస్ సర్టిఫికెట్ కూడా కావాలి. యూకేకి అది ఆక్రో అనే పోలీస్ రికార్డుల ఆఫీసు ఇస్తుంది. డీఎస్-260 వీసా అప్లికేషన్‌లో లీడ్స్ అడ్రస్ రాసే ఉంటారుగా? ఎన్‌విసి వాళ్లు చూసుకోలేదు, ఇంటర్వ్యూ కిటికీ దగ్గర చూస్తారు. బర్త్ సర్టిఫికెట్ గురించి అంత హడావుడి పడ్డాం గానీ మీకు నిజంగా లేనిది ఇదీ.

గుంటూరు_కారం | 30 అక్టోబర్, మధ్యాహ్నం 2:05

ఊరికే భయపెట్టకండి బ్రో. నేనూ యూకేలో చదివాను, మా ఆవిడ సిటిజన్, నన్ను ఎవడూ అడగలేదు. రెండు నిమిషాల్లో వీసా అప్రూవ్డ్ అన్నారు.

ఎర్రబస్సు | 30 అక్టోబర్, మధ్యాహ్నం 2:09

ఎన్ని నెలలున్నారు అన్నా?

గుంటూరు_కారం | 30 అక్టోబర్, మధ్యాహ్నం 2:30

తొమ్మిది. కోర్సు మధ్యలో వదిలేసి వచ్చేశా.

హ్యూస్టన్_కాకి | 30 అక్టోబర్, మధ్యాహ్నం 2:33

😀 మన గ్రూపులతో ఇదే చిక్కు. "నన్ను అడగలేదు" అని చెప్పేవాళ్లు వంద మంది దొరుకుతారు. ఎందుకు అడగలేదో వాళ్లలో ఒక్కరూ చెప్పరు.

తెనాలి గారూ, ఆక్రోకి ఆన్‌లైన్‌లోనే అప్లై చెయ్యొచ్చు, ఇవాళే చేసెయ్యండి. ప్రీమియం సర్వీస్ ఉంటుంది, డబ్బు చూసుకోకండి. అప్లై చేసిన రసీదు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి.

ఐ-864 సంగతి. ఇద్దరున్న ఇంటికి ఈ ఏడాది (2024) కావాల్సిన ఆదాయం, అంటే పేదరికపు రేఖకి 125 శాతం లెక్క, 25,550 డాలర్లు. మీ ఆయన జీతం దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఉద్యోగం మారారు కాబట్టి కొత్త కంపెనీ నుంచి ఒక లెటర్, ఈ మధ్య పే స్టబ్బులు పంపమనండి, చాలు.

లీడ్స్ డిగ్రీ ఎవరూ అడగరు.

రెండో_అధ్యాయం | 30 అక్టోబర్, సాయంత్రం 6:48

నా అనుభవం ఒకటి చెప్పొచ్చా? నాది రెండో పెళ్లి. మొదటిదానికి పరస్పర అంగీకారం మీద విడాకులు ఇక్కడి ఫ్యామిలీ కోర్టులోనే తీసుకున్నాను. లాయర్ ఇచ్చిన తీర్పు ఫోటోకాపీ పట్టుకుని ముంబై వెళ్లాను. ఆఫీసర్ చూసి, కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలన్నారు. 221(జి) చీటీ చేతిలో పెట్టారు.

నాకు చీటీ అంటే ఏంటో తెలియదు. బయటికొచ్చి బీకేసీ ఫుట్‌పాత్ మీద కూర్చుని గంటసేపు ఏడ్చాను. ఫోన్ లోపలికి రానివ్వరని హోటల్‌లోనే వదిలేశాను, ఎవరికీ చెప్పుకోడానికి కూడా లేదు. తీరా చూస్తే అది అడిగిన కాగితం తెచ్చివ్వమని చెప్పడం, అంతే. ఏడాదిలోపు ఇస్తే మళ్లీ ఫీజు కట్టే పని కూడా లేదు. నాకు సర్టిఫైడ్ కాపీ కోర్టు నుంచి రావడానికి ఐదు వారాలు పట్టింది, ఇచ్చాక తొమ్మిది రోజుల్లో వీసా వచ్చింది. ఆ ఏడుపు వృథా.

కృష్ణా_కాలువ | 31 అక్టోబర్, ఉదయం 8:20

దీపావళి శుభాకాంక్షలు. నాకో సందేహం. ఆక్రోది టైముకి రాకపోతే ఇంటర్వ్యూ వాయిదా వేసుకోవడం మంచిది కదా?

రెండో_అధ్యాయం | 31 అక్టోబర్, ఉదయం 8:44

నేనైతే వద్దంటాను. వాయిదా వేస్తే తేదీ ఎప్పుడిస్తారో వాళ్ల చేతిలో ఉంటుంది, మెడికల్‌కి ఆరు నెలలే గడువు. వెళ్లి, ఉన్నవన్నీ చూపించి, లేనిది ఒక్కటే చీటీ మీద రాయించుకుని రావడం నయం. మిగతా కేసంతా ఆ రోజే తేలిపోతుంది.

జగిత్యాల_జొన్నరొట్టె | 31 అక్టోబర్, రాత్రి 10:15

మీరంతా అదృష్టవంతులు, మీకు కనీసం గీతన్నా ఉంది. నేను మా అమ్మమ్మ ఇంట్ల పుట్టిన, 1988ల. రిజిస్టర్లనే లేను. ముందు నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, తర్వాత ఆర్డీఓ ఆఫీసుల లేట్ రిజిస్ట్రేషన్, మూడు నెలలు తిరిగిన. ఒకరోజు అక్కడి అటెండర్ "నువ్వు పుట్టినవని సాక్షి ఎవరు?" అని అడిగిండు. అమ్మమ్మను ఆటోల ఎక్కించుకుని పోయి చూపించిన. ఆమె కర్ర పట్టుకుని వాణ్ని అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాయలేను.

తెనాలి_పిల్ల | 7 నవంబర్ 2024, సాయంత్రం 5:05

అప్‌డేట్. రిజిస్ట్రార్ ఆఫీసులో పేరు చేర్చమని అడిగాం, గడువు దాటింది, పైనుంచి ఆర్డరు కావాలన్నారు. గుమాస్తా అంకుల్ చెప్పినట్టే గీతతో సహా కొత్త కాపీ తీసుకున్నాను. అమ్మా నాన్నా అఫిడవిట్లు అయిపోయాయి. నోటరీ దగ్గర నాన్న "మా అమ్మాయికి పేరు పెట్టింది మా నాయనమ్మ, అది కూడా రాయండి" అని పట్టుబట్టారు. రాయలేదు.

నిన్న మెడికల్ అయింది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. నా పక్కన కూర్చున్న అమ్మాయికి ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనపడింది, కఫం పరీక్షకి ఎనిమిది వారాలు ఆగమన్నారు, పాపం. నాకు రెండు టీకాలు వేశారు.

ఆక్రోకి ఆ రోజే అప్లై చేశాను. తయారై పోస్టులో వేశామని మెయిల్ వచ్చింది. పాస్‌పోర్టులో ఉన్న అడ్రస్ ఇచ్చాను, అంటే విజయవాడలో అత్తయ్యగారి ఇల్లు.

హ్యూస్టన్_కాకి | 7 నవంబర్, సాయంత్రం 5:40

భేష్. ఇంటర్వ్యూకి ఫోటోల ఆల్బమ్ మొత్తం మోసుకెళ్లకండి. మా చెల్లెలు పద్నాలుగు కిలోల కరిజ్మా ఆల్బమ్ పట్టుకెళ్లింది. ఆఫీసర్ ఒక్క ఫోటో చూసి, జీలకర్ర బెల్లం దగ్గర ఇద్దరి మధ్య అడ్డంగా పట్టుకున్న గుడ్డ ఏంటని అడిగారట. తెర అని చెప్పడానికి మా చెల్లికి ఇంగ్లిష్ మాట దొరకలేదు.

తెనాలి_పిల్ల | 20 నవంబర్ 2024, రాత్రి 9:15

రైల్లో ఉన్నాను, సిగ్నల్ వచ్చినప్పుడు రాస్తున్నాను.

ఆక్రో సర్టిఫికెట్ రాలేదు. వచ్చింది గానీ నా చేతికి రాలేదు. కార్తీక పౌర్ణమికని అత్తయ్యా మామయ్యా అరుణాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లారు, ఇల్లు తాళం. పోస్ట్‌మ్యాన్ రెండుసార్లు వచ్చి వెనక్కి తీసుకెళ్లాడట. నిన్న రాత్రి పక్కింటివాళ్లు చెప్తే తెలిసింది.

ఇంటర్వ్యూ ఎనిమిది నిమిషాలు. ఆఫీసర్ ఒక ఆవిడ, బర్త్ సర్టిఫికెట్ చూసి "నేమ్?" అన్నారు. మెమో, రెండు అఫిడవిట్లు లోపలికి తోశాను. నాన్నది పూర్తిగా చదివారు. నేమింగ్ సెరిమనీ అన్నచోట వేలుపెట్టి "ట్వెంటీ ఫస్ట్ డే?" అని అడిగారు. అవునన్నాను. ఆ కాగితాలు పక్కన పెట్టేశారు. దాని గురించి మళ్లీ ఒక్క మాట లేదు.

పెళ్లి గురించి నాలుగు ప్రశ్నలు. ఎలా పరిచయం, పెళ్లయ్యాక ఆయన ఎన్నిసార్లు వచ్చారు, ఆయన ఏం పని చేస్తారు, మీ అత్తగారు ఇప్పుడెక్కడున్నారు. చివరిదానికి "విజయవాడలో" అనబోయి "అరుణాచలం నుంచి తిరిగొస్తున్నారు" అన్నాను, నిజమే కదా.

తర్వాత యూకేలో ఎంతకాలం అన్నారు. పదహారు నెలలు, సర్టిఫికెట్ ఇండియాకి వచ్చింది, పోస్టాఫీసులో ఉంది అని ఆక్రో రసీదు, మెయిల్ చూపించాను. చిన్నగా నవ్వి చీటీ మీద యూకే పోలీస్ సర్టిఫికెట్ ఎదురుగా టిక్కు పెట్టి పాస్‌పోర్టు తిరిగిచ్చేశారు. 221(జి).

రెండో అధ్యాయం అక్కా, నేను ఏడవలేదు. వడాపావ్ తిన్నాను.

రెండో_అధ్యాయం | 20 నవంబర్, రాత్రి 9:31

బంగారం నువ్వు. ఒక్కటి ముందే చెప్తున్నా, సీయాక్‌లో (వీసా సైటు) స్టేటస్ చూస్తే "రెఫ్యూజ్డ్" అని ఉంటుంది. చీటీ ఇచ్చినవాళ్లందరికీ అలాగే చూపిస్తుంది. అమ్మకి చూపించకు.

తెనాలి_పిల్ల | 21 నవంబర్, ఉదయం 7:10

చూపించేశానక్కా 😢 రాత్రంతా పడుకోలేదు. ఆ 12 వేల ఆయన్ని తలుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. బర్త్ సర్టిఫికెట్‌కి వాళ్లు ఒప్పుకున్నారమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా "మరి రెఫ్యూజ్డ్ అని ఎందుకుందే?" అంటోంది.

రిటైర్డ్_గుమాస్తా | 21 నవంబర్, ఉదయం 7:55

ఫోన్ అమ్మకివ్వు తల్లీ, నేను చెబుతాను. మెసేజ్‌లో నంబరు పంపుతున్నాను.

తెనాలి_పిల్ల | 13 డిసెంబర్ 2024, సాయంత్రం 4:20

వచ్చేసింది!!

22న పోస్టాఫీసుకి వెళ్లి కవరు తీసుకున్నాను. లోపల ఒకటే పేజీ, "నో ట్రేస్" అని ఉంది, అంటే పోలీసు రికార్డుల్లో నా మీద ఏమీ లేదని. 25న హైదరాబాద్‌లో పాస్‌పోర్టుతో కలిపి ఇచ్చాం. ఈ నెల 10న స్టేటస్ ఇష్యూడ్ అని మారింది, ఇవాళ పాస్‌పోర్టు చేతికొచ్చింది. వీసా మీద సీఆర్1 (పెళ్లికి రెండేళ్లు నిండనివాళ్లది) అని ఉంది, మే మొదటి వారం దాకా గడువు. మా ఆయన క్రిస్మస్ సెలవుల్లోనే వచ్చెయ్యమని టికెట్లు చూస్తున్నారు.

ఎర్రబస్సు | 13 డిసెంబర్, సాయంత్రం 4:52

అభినందనలు! కానీ ఆ టికెట్ ఇప్పుడే కొనొద్దని చెప్పండి, ప్లీజ్.

మీ పెళ్లికి రెండేళ్లు నిండేది ఫిబ్రవరి 10న. అంతకుముందు అమెరికాలో అడుగుపెడితే రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు ఇస్తారు. అది అయిపోయే ముందు తొంభై రోజుల్లో ఐ-751 (షరతులు తీసెయ్యమనే అర్జీ) వేసి, మీ కాపురం నిజమైనదే అని మళ్లీ కాగితాలు పోగేసి చూపించాలి. రెండేళ్లు నిండాక దిగితే పదేళ్ల కార్డు. వీసా మీద సీఆర్1 అని ఉన్నా ఫరవాలేదు, లెక్క చూసేది మీరు దిగిన రోజుకి. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్‌కి పెళ్లి తేదీ చూపించి ఐఆర్1గా (రెండేళ్లు నిండినవాళ్లది) మార్చమని మీరే అడగాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి, చెకిన్ సూట్‌కేసులో కాదు.

అదృష్టం చూశారా, చీటీ ఇవ్వకుండా ఉంటే మీ ఆయన మిమ్మల్ని డిసెంబర్ మొదట్లోనే ఎక్కించేసేవారు.

తెనాలి_పిల్ల | 13 డిసెంబర్, రాత్రి 8:30

మా ఆయన పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "రెండేళ్లు ఆగాం, రెండు నెలలు ఆగలేమా" అన్నారు. గొంతులో మాత్రం ఆ ధైర్యం లేదు. సంక్రాంతి అమ్మ దగ్గరే.

ఐ751_బాధితుడు | 14 డిసెంబర్, ఉదయం 10:05

నేను సెకండ్ యానివర్సరీకి పదకొండు రోజుల ముందు దిగాను. ఎవరూ చెప్పలేదు. నా పేరు చూస్తే మిగతాది అర్థమవుతుంది.

తెనాలి_పిల్ల | 2 మార్చి 2025, రాత్రి 10:50

డాలస్ నుంచి. ఫిబ్రవరి 14న దిగాను. 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ముందే కట్టాను. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ సీఆర్1 అనే స్టాంపు వెయ్యబోతుంటే "సర్, వి కంప్లీటెడ్ టూ ఇయర్స్ ఆన్ ఫిబ్రవరి టెన్త్" అని సర్టిఫికెట్ ముందు పెట్టాను. వేళ్లతో లెక్కపెట్టుకుని, ఇంకొకాయన్ని పిలిచి అడిగి, కొట్టేసి ఐఆర్1 అని రాశారు. నిన్న కార్డు వచ్చింది, 2035 దాకా.

ఇక్కడ ఇంకో తమాషా. నా పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంది, సర్‌నేమ్ ఖాళీ. కార్డు మీద మొదటి పేరు లేదు అన్నట్టు "ఎఫ్ఎన్‌యు" అని పడింది. బ్యాంకులో అమ్మాయి నన్ను "మిస్ ఫ్ను" అని పిలిచింది. పుట్టినప్పుడూ గీతే, ఇక్కడా గీతే.

రిటైర్డ్_గుమాస్తా | 3 మార్చి, ఉదయం 6:40

దానికీ దారి ఉంటుందిలే తల్లీ. ముందు పాస్‌పోర్టులో సర్‌నేమ్ వేయించుకో. మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది, మీ తమ్ముడి సర్టిఫికెట్ తీసి చూసిందట. వాడిదీ గీతే.

కొత్తగా_చేరా | 3 మార్చి, మధ్యాహ్నం 12:15

అక్కా నమస్తే, థ్రెడ్ మొత్తం చదివాను. నాది ఏప్రిల్‌లో ఇంటర్వ్యూ. బర్త్ సర్టిఫికెట్‌లో పేరుంది గానీ అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. మిగతావన్నీ పక్కాగా ఉన్నాయి. దీనికి అఫిడవిట్ సరిపోతుందా?

తెనాలి_పిల్ల | 3 మార్చి, మధ్యాహ్నం 12:21

సరిపోతుంది, మా నాన్నది ఫార్మాట్ పంపిస్తాను. అది సరే గానీ, ఇండియా బయట ఏ ఊళ్లో ఎన్ని నెలలున్నావో ముందు అది రాయి.